ఉస్సుమనే డబ్బా

మా ఇంట్లో ఒక డబ్బా ఉండేది. గోడకు మేకు కొట్టి తగిలించారు. ఎవరూ అడక్కుండానే పదిహేను నిమిషాలకోసారి ఉస్సుమని ఉమ్మేది. దాన్ని చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. లావెండరట! లావెండర్ పువ్వును కళ్ళతో చూసిన మొహం ఈ తిరువళ్ళూరులో ఒక్కటి చూపించమనండి, ఈ సుందరవల్లి నోరు మూసుకుని కూర్చుంటుంది. చూడని పువ్వు వాసన ఇంట్లో ఎందుకు? మల్లెలు కావాలంటే బస్టాండు దగ్గర సెల్లమ్మ మూర కొలిచి ఇస్తుంది కదా?

ఒక్కటైతే పోనీలే అనుకుందును. హాల్లో ఒకటి, మెట్ల కింద ఒకటి. స్నానాలగది గోడకు అంటించిన జెల్లీ బిళ్ళ. బీరువాలో చీరల మధ్య పొట్లాలు. దిండు గలేబులకు కూడా ఏవో నీళ్ళు చల్లేవారు. చారులో ఇంగువ వేస్తే ఇంగువ వాసన రాదు, కర్పూరం వెలిగిస్తే కర్పూరం వాసన రాదు. అన్నం ముందు కూర్చుంటే లావెండర్ అన్నం, లావెండర్ చారు! నేను తిట్టని రోజు లేదు. ఒక్కరూ చెవిన వేసుకోలేదు.

ఇదంతా నా కొడుకు శ్రీరాఘవ్ ఘనకార్యం. బజారు వీధిలో మాది మూడు తరాల సరుకుల అంగడి. చింతపండు, ఎండుమిరపకాయలు, నెయ్యి, ఇంగువ, అన్నీ విడి సరుకే. మా ఆయన వెంకటాచలం ముక్కుతోనే వ్యాపారం చేశారు. నెయ్యి డబ్బా వస్తే ఒక్క చుక్క చేతి వెనక వేసి రుద్ది, కళ్ళు మూసుకుని వాసన చూసేవారు. మిరపకాయల మూట విప్పకముందే అది దారిలో తడిసిందో లేదో చెప్పేవారు. ఆయనకో నియమం కూడా ఉండేది. మనం అమ్మే సరుకు ముందు మనింట్లో వాడాలి; మనింట్లో వాడనిది అంగట్లో పెట్టకూడదు. కొత్త రకం పప్పు వస్తే వారం రోజులు మేమే వండుకుని తినాలి, ఆ తర్వాతే మూట గుమ్మం ముందుకు వచ్చేది. మా అంగడికి పేరు వచ్చింది దానివల్లే.

కొడుకు చేతికి పెత్తనం రాగానే విడి సరుకు తగ్గించి ప్యాకెట్లు నింపడం మొదలుపెట్టాడు. రెండేళ్ళ కింద ఈ వాసన డబ్బాల ఏజెన్సీ తీసుకున్నాడు. ఇక్కడి నుంచి కనకమ్మ సత్రం మీదుగా తిరుత్తణి దాకా ఏ అంగడికైనా వీడే సప్లై. "నాయన చెప్పిందే గదా మా, మనం అమ్మే సరుకు మనింట్లో ఉండాల" అంటూ తెచ్చి తగిలించాడు. మా ఆయన నోరు కట్టేసినట్టయింది. పెట్టిన నియమం తనదే మరి. పొద్దున పేపరు పట్టుకుని మిద్దె మీదకు పోవడం మొదలుపెట్టారు, అంతే.

పోయిన ఆడి నెలలో, అదే ఆషాఢంలో, ఆయన అంగట్లోనే పడిపోయారు. పక్షవాతం. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. హాలు పక్క గదిలో మంచం వేసి పడుకోబెట్టాం. స్నానం చేయించడానికి, పక్క మార్చడానికి ఎలుమలై అనే యాభై ఏళ్ళ మనిషిని పెట్టుకున్నాం. అరవం తప్ప మాట్లాడడు, పని మాత్రం ఒద్దికగా చేస్తాడు. పొద్దునా సాయంత్రం వచ్చి పోతాడు. మిగతాదంతా నేనే.

నోరు లేని మనిషిని చూసుకోవడం ఏమిటో చూసుకున్నవాళ్ళకే తెలుస్తుంది. కడుపు నొప్పి అని చెప్పలేరు. పక్క తడిసిందని చెప్పలేరు. జ్వరం వస్తోందని చెప్పలేరు. నేను వంగి ఆయన మెడ దగ్గర, నోటి దగ్గర, పక్కబట్టల దగ్గర వాసన చూసేదాన్ని. జ్వరం రాబోతుంటే ఆయన చెమట పులుపెక్కుతుంది. తిన్నది అరగకపోతే నోరే చెబుతుంది. ఆయన మంచీ చెడ్డా నాకు తెలిసే దారి అదొక్కటే మిగిలింది. అలా నాలుగుసార్లు ముందే కనిపెట్టి డాక్టరును పిలిపించాను.

సరిగ్గా ఆ మంచం నెత్తిన, దీపావళి వెళ్ళిన వారానికి, నా కొడుకు డబ్బా తగిలించాడు.

"ఏందిరా ఇది?" అన్నాను.

"రూమ్ ఫ్రెషనర్ మా. కొత్త మోడల్."

"కండ్లు ఉండాయి నాకు, కనిపిస్తా ఉండాది. ఈడ ఎందుకు పెట్టినావని అడగతా ఉండా."

"నాయనను చూసేదానికి మనుషులు వస్తా పోతా ఉండారు గదా. గదిలో స్మెల్ వస్తే బాగుండదు మా."

"వస్తే రానీ! మంచాన పడిన మనిషి దగ్గర మంచాన పడిన వాసనే వస్తాది. వాళ్ళేం పెండ్లికి వస్తా ఉండారా, పన్నీరు చల్లేదానికి?"

"మెల్లగా మా. నాయన వింటా ఉండాడు."

"విననీ! నీకంటే ఆయనకే బాగా అర్థమయితాది."

డబ్బా ఉస్సుమంది. మా ఆయన కళ్ళు గట్టిగా మూసుకుని మొహం గోడవైపు తిప్పుకున్నారు. తప్పించుకోవడానికి ఆయనకు ఆ మెడ ఒక్కటే మిగిలింది. అది నేను చూశాను. నా కొడుకు చూడలేదు. ఫోన్ మోగితే బయటికి పోయాడు.

స్టూలు వేసుకుని ఎక్కి దాన్ని పీకేశాను. మర్నాడు మళ్ళీ పెట్టాడు. మళ్ళీ పీకాను. కోడలు శ్రీవాసవి మంచిదే, పనికి వెనకాడదు, కానీ మొగుడి మాట దాటదు. "ఆయన కోప్పడతారు అత్తా, నేనేం చేసేది?" అంటుంది. పన్నెండో తరగతి చదివే మనవరాలు ప్రీతిక అయితే "అవ్వా, నువ్వు శానా ఓవర్‌గా చేస్తా ఉండావు" అంటుంది. ముగ్గురూ ఒక పక్క, నేనొక్కదాన్నీ ఒక పక్క. చివరికి నానా రభసా అయ్యాక ఒప్పందం కుదిరింది. ఎవరైనా చూడటానికి వస్తేనే డబ్బా వేయాలి, వాళ్ళు గుమ్మం దాటగానే ఆపేయాలి.

మాసి నెలలో, అంటే శివరాత్రి రోజుల్లో, తిరుత్తణిలో మా తమ్ముడు వీరరాఘవ అరవై ఏళ్ళ పెళ్ళి, షష్టిపూర్తి వచ్చింది. నాకున్న తోడబుట్టినవాడు వాడొక్కడే. "అక్కా, నువ్వు రాకపోతే నేను పీట మీద కూచోను" అని ఫోన్‌లో మొండికేశాడు. నాలుగు రోజులే కదా అనుకున్నాను. బయలుదేరే పొద్దున మా ఆయన నడుం కింద, ఎముక మీద చిన్న ఎర్ర మచ్చ కనిపించింది. కోడల్ని పిలిచి చూపించాను.

"వాసవీ, ఇది చూసుకో. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాల. స్నానానికి ముందర వంగి వాసన చూడాల, తేడాగా ఉంటే నాకు ఫోన్ చెయ్యి. ఆ డబ్బా మాత్రం ముట్టొద్దు."

"సరి అత్తా."

అయినా నమ్మకం కుదరక డబ్బా తెరిచి బ్యాటరీలు తీసి నా సంచిలో వేసుకున్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆ డబ్బాల ఏజెన్సీ నడిపేవాడికి రెండు బ్యాటరీలు దొరకవా?

తిరుత్తణి నుంచి రోజూ సాయంత్రం ఫోన్ చేశాను. "నాయన బాగుండాడు మా. హాయిగా నిద్రపోతా ఉండాడు" అన్నాడు కొడుకు. మూడు రోజులూ అదే మాట. ఆ మనిషికి పగలు అంత నిద్ర ఎక్కడిదని నాకు తట్టలేదు. చందనం పూసుకుని, పూలు పెట్టుకుని, ఫోటోలకు నవ్వుతూ నిలబడ్డాను. తలచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

అయిదో రోజు మధ్యాహ్నం బస్సు దిగి ఇంటికి వచ్చాను. గేటు దగ్గరే లావెండర్ కొట్టింది. హాలు నిండా అద్దె కుర్చీలు.

"ఏజెన్సీ మీటింగ్ అత్తా," అంది శ్రీవాసవి నా మొహం చూడకుండా. "మూడు దినాలూ మనింట్లోనే జరిగింది. కంపెనీ మేనేజర్ వచ్చినాడు. సత్రం, తిరుత్తణి, పొదటూరుపేట అంగళ్ళోళ్ళు అందరూ వచ్చినారు."

సంచి అక్కడే పడేసి గదిలోకి పరుగెత్తాను. గోడకు డబ్బాలు ఒకటి కాదు, రెండు. మా ఆయన మొహం నిప్పులా కాలుతోంది. పిలిస్తే కళ్ళు తెరవలేదు. వంగి మెడ దగ్గర ముక్కు పెట్టాను. లావెండర్. నోటి దగ్గర పెట్టాను. లావెండర్. జుట్టులో, బనీనులో, దుప్పట్లో లావెండర్. నలభై మూడేళ్ళు కాపురం చేసిన మనిషి నా చేతుల్లోనే ఉన్నారు, ఆయన వాసన మాత్రం నాకు అందలేదు. ఆ క్షణంలో నాకు పుట్టిన భయం పగవాడికి కూడా వద్దు.

రెండు డబ్బాలూ పీకి కిటికీలోంచి సందులోకి విసిరికొట్టాను. కిటికీలు బార్లా తెరిచి, దుప్పటీ గలేబులూ లాగి బయట పారేశాను. అప్పుడే వచ్చిన ఎలుమలైని కేకేసి ఆయన్ని పక్కకు తిప్పించాను. ఎర్ర మచ్చ ఉన్నచోట అరచేతంత నల్ల పక్కు కట్టి ఉంది. దాని మీద ఘుమఘుమలాడే పౌడరు.

"ఇదెప్పుడు నల్లబడింది ఎలుమలై?"

"మూణు నాళ్ ఆచ్చు మా. ఆఱిడుచ్చున్ను నినైచ్చేన్," అన్నాడు. మూడు రోజులైందట. మానిపోయిందని అనుకున్నాడట.

"వాసన రాలేదా నీకు?"

అతను గోడకున్న మేకులవైపు చూశాడు. "ఇంద రూములే ఎన్న వాసనై మా తెరియుం?" అన్నాడు. ఈ గదిలో ఏ వాసన తెలుస్తుందమ్మా అని.

అరగంట గాలి ఆడాక అప్పుడు లేచింది అసలు వాసన. అటక మీద ఎలుక చచ్చినప్పుడు వస్తుందే, అది. గుమ్మంలో నిలబడ్డ శ్రీవాసవి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. నేను ఏడవలేదు. ఆంబులెన్స్‌కు ఫోన్ చేయమని ఒక్క అరుపు అరిచాను.

ఆస్పత్రిలో డాక్టరు మహేంద్ర ఆ పక్కు కోసి చూశారు. బయటికి వచ్చి చెప్పారు: పైకి ఎండినట్టే ఉంది, లోపల ఎముక దాకా కుళ్ళిపోయింది. రక్తంలోకి విషం ఎక్కింది. మూడు రోజులు గడిస్తే కానీ ప్రాణానికి హామీ లేదు. చెప్పి, పోబోతూ ఆగి అడిగారు. ఇంత కుళ్ళు వాసన ఇంట్లో ఒక్కరికీ తగల్లేదా?

కబురందుకుని వచ్చిన కొడుకూ, కోడలూ, మనవరాలూ ముగ్గురూ నేల చూపులు చూశారు. డాక్టరు పోయాక నేను కొడుకు మీద పడ్డాను.

"కంపు రాకూడదు అన్నావు గదరా! రాలేదు. సంతోషమేనా? మీ నాయన బొక్క దాకా కుళ్ళతా ఉంటే హాల్లో కాఫీలు ఇచ్చి మీటింగులు పెట్టుకుంటివి!"

"నాకు తెలియదు మా."

"బ్యాటరీలు పీకేసి పోతే కొత్తవి వేసినావు. ఒకటి చాలదని రెండు పెట్టినావు. తెలియదంట!"

"నాయన చెప్పిందే గదా మా, మనం అమ్మే సరుకు మనింట్లో..."

మాట పూర్తి కాకముందే చెంప పగలగొట్టాను. నలభై ఒక్క ఏళ్ళవాణ్ణి, పెళ్ళాం ముందు, కూతురి ముందు. వాడు కదల్లేదు. ఆ కదలకపోవడం చూసి నాకు ఇంకా మండింది.

మూడో రోజుకు కూడా జ్వరం తగ్గలేదు. ఆ పొద్దున నర్సు నివేద కట్టు మార్చడానికి వచ్చింది. పాత కట్టు విప్పగానే ఆ వాసనకు మంచం దగ్గర నిలబడలేకపోయాం. ప్రీతిక నోరు మూసుకుని బయటికి పరుగెత్తింది. ఎలుమలై తువ్వాలు మొహానికి చుట్టుకున్నాడు. రోజూ ఇదే పని చేసే నర్సు కూడా మాస్కు మీద మాస్కు వేసుకుంది. నేను పళ్ళు బిగబట్టి నిలబడ్డాను.

నా కొడుకు మాత్రం తండ్రి తల దగ్గర మాస్కు లేకుండా నిలబడి ఉన్నాడు. మొహంలో ముడత లేదు. ముక్కుపుట కదల్లేదు. గుడి ముందు క్యూలో నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఎంత పొగరు! తండ్రి శరీరం నీ ఎదుట కుళ్ళి ఉంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా? నాకు ఇక ఆగలేదు. ట్రేలో నర్సు పడేసిన చీము గుడ్డను పటకారుతో ఎత్తి తీసుకుపోయి వాడి ముక్కు కింద పెట్టాను.

"చూడు! వాసన చూడరా! నువ్వు పూల వాసన కింద దాచింది ఇదే. బాగా పీల్చుకో!"

"అమ్మా, ఏం చేస్తా ఉండారు!" అని నర్సు అరిచింది.

వాడు తల వెనక్కు తీయలేదు. గుండెల నిండా పీల్చాడు. ఆగి, మళ్ళీ పీల్చాడు. ఇంకా దగ్గరికి వంగి మూడోసారి పీల్చాడు. మామూలు మనిషి ఎవడూ ఆ పని చేయలేడు. అప్పుడు నా మొహంలోకి చూశాడు.

"యెట్ల ఉంటాది మా?"

"ఏంది?"

"ఈ వాసన. యెట్ల ఉంటాది?"

నర్సు నా చేతిలోంచి పటకారు లాక్కుంది.

"కరోనాలో పోయింది మా," అన్నాడు. "మళ్ళా రాలే. నాలుగేండ్లయింది. మద్రాసులో డాక్టర్లకు కూడా చూపించినా. ఇంక రాదు అనేసినారు."

"మాకు ఎందుకు చెప్పలేదు?"

"యేమని చెప్పేది? వెంకటాచలం శెట్టి కొడుక్కు ముక్కు పని చెయ్యదు అని బజారు వీధిలో తెలిస్తే మన దగ్గర నెయ్యి ఎవరు కొంటారు? నాయనకు యెట్ల చెప్పేది? ఆయన నా చేతి మీద నెయ్యి వేసి 'చూడరా' అంటాడు. నేను ఆయన మొహం చూసి, బాగుంది, బాగలేదు అని చెప్పేవాణ్ణి. ఎన్నాళ్ళు మా అట్ల? అందుకే ప్యాకెట్లు పెట్టినా. ప్యాకెట్టును ఎవురూ వాసన చూడమనరు."

"మరి ఈ పాడు డబ్బాలు?"

"ఇంట్లో కంపు వస్తా ఉందో లేదో నాకు యెట్ల తెలిసేది? వచ్చినోళ్ళు నాయనను చూసి ముక్కు మూసుకుంటే? బజారులో తలెత్తుకుని తిరిగిన మనిషి గదా మా, ఆయన. ఆయన అది చూస్తే తట్టుకుంటాడా? దినామూ అదే భయం. ఒకటి చాలదేమో అని ఇంకోటి పెట్టినా. యెంత పెడితే చాలునో కూడా నాకు తెలియదు మా."

జాలి కలగలేదంటే అబద్ధం. కానీ దానికంటే ముందు కోపం వచ్చింది. అంత కోపం ఆ డబ్బా మీద కూడా నాకెప్పుడూ రాలేదు. నాలుగేళ్ళు! నేను కన్నవాడు నా ఎదురుగా కూర్చుని, వాసన లేని అన్నం కలుపుకుని, "చారు బాగుంది మా" అని చెబుతూ వచ్చాడు. నేను నమ్ముతూ వచ్చాను. మొగుడి చెమట పులుపెక్కితే పసిగట్టే నేను దీన్ని పసిగట్టలేదు. వాడి మీద ఎంత మండిందో నా మీద అంతకంటే ఎక్కువ మండింది.

"నోరుండాది గదరా నీకు!" అని అరిచాను. వార్డంతా మావైపు తిరిగింది. తిరగనీ. "మీ నాయనకు మాట పడిపోయింది, ఆయన చెప్పలేడు. నీకేం పుట్టింది? నోరు తెరిచి 'మా, వాసన వస్తా ఉందా' అని ఒక్క మాట అడిగుంటే నేను చెప్పేదాన్ని గదరా! ఒక్క మాట! ఆ పరువు కోసం మీ నాయనను చంపుకుంటా ఉంటివి గదరా!"

వాడు అక్కడే నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చాడు. నేను లేవదీయలేదు. శ్రీవాసవి వచ్చి పక్కన కూర్చుంది. పద్దెనిమిదేళ్ళుగా వాడితో కాపురం చేస్తున్న పిల్ల, ఆమెకు కూడా తెలియదని ఆ మొహం చూస్తేనే అర్థమైంది. నర్సు మా అందరినీ బయటికి తోలింది.

మర్నాడు మధ్యాహ్నానికి జ్వరం దిగింది. డాక్టరు మహేంద్ర గండం గడిచిందన్నారు. పుండు మానడానికి నెలలు పడుతుందని, మళ్ళీ చెడు వాసన వస్తే క్షణం ఆలస్యం చేయకుండా తీసుకురమ్మని హెచ్చరించారు. మా ఆయన కళ్ళు తెరిచి అందర్నీ ఒక్కొక్కరినీ చూశారు. నేను ఆయన నుదురు తుడుస్తూ కొడుకు వైపు చూడకుండా కూర్చున్నాను. వాడు నాలుగు రోజులుగా అదే చొక్కాతో ఉన్నాడు.

సాయంత్రం నివేద వచ్చి కట్టు విప్పింది. శ్రీరాఘవ్ మంచం దగ్గరికి వచ్చాడు. పక్క మంచాల వాళ్ళు, వాళ్ళ చుట్టాలు, తలుపు దగ్గర ఎలుమలై, అందరూ వింటున్నారు. వాడు గొంతు సవరించుకుని పైకే అడిగాడు.

"మా, వాసన వస్తా ఉందా?"

నేను వంగి పుండు దగ్గర ముక్కు పెట్టాను. తీరిగ్గా చూశాను.

"మందు వాసన వస్తా ఉంది. చీము వాసన తగ్గింది. ఇంకా కొంచెం ఉండాది," అన్నాను. "నీ దగ్గరే కంపు. చెమట కంపు, కడుపులో తిప్పతా ఉండాది. పోయి స్నానం చేసి రా."

"శానా వస్తా ఉందా మా?"

"శానా వస్తా ఉంది, పో."

వాడు తన చొక్కా కాలరు పట్టుకుని ఒక్క క్షణం చూసుకుని, బక్కెట్టు ఎక్కడుందని నర్సును అడిగి వెళ్ళాడు.